ఖాళీ గడి చరిత్ర

మలక్‌పేట గంజులోనికి ఉదయమున ఉల్లిగడ్డ బస్తాలతోనో, ఎండుమిరప బస్తాలతోనో వచ్చిన రైతు, సరుకు అమ్ముడైన పిదప ఒక చిన్న కాగితము చేతబట్టుకొని తిరిగిపోవును. తెలంగాణ మార్కెట్లలో దానిని తక్‌పట్టి యందురు. రైతు పేరు, ఊరు, సరుకు, బస్తాల లెక్క, తూకము, ధర, చేతికి వచ్చు పైకము, ఇట్టి గడులు దానిలో నుండును. అచ్చు అందరికిని ఒక్కటే. గడిలో వ్రాసినది మాత్రము ఎవరిది వారిదే. వేయి పత్రములు ప్రక్కప్రక్కన పరచినను చట్రము ఒక్కటిగానే కనబడును. కాని ఒక రైతు ఇంట ఆ యేడు పెండ్లి జరుగునా, అప్పు తీరునా యను సంగతి ఆ చట్రమున లేదు; తూకమునకు ఎదుట వ్రాసిన అంకెలో ఉన్నది.

ఈ చట్రమునకును ఈ గడికిని గల సంబంధమే నేటి మన ప్రసంగ విషయము. నేడు కంప్యూటర్లపై వెబ్‌సైట్లు కూర్చువారికి ఇది నిత్యము ఎదురగు సంగతి. చట్రమును వారు టెంప్లేట్ అనియు, ఒక్కొక్క పుటకు మారెడు గడిని పేజీ వేరియబుల్ అనియు పిలుతురు. తెలుగున టెంప్లేటునకు మూస యను చక్కని మాట కలదు. కంసాలి లోహము కరగించు పాత్రకు ఆ పేరు. 2003లో మొదలైన తెలుగు వికీపీడియా ఆ మాటనే స్వీకరించినది. పేర్లు కొత్తవి కావచ్చును. విషయము మాత్రము మిక్కిలి పాతది.

మన శాసనములను పరికించినచో వానియందును ఒక మూస యున్నట్లు తోచును. ముందు మంగళవాచకము, పిదప రాజు బిరుదావళి, ఆపైని శకసంవత్సరము, మాసము, తిథి, వారము; తరువాత దాత పేరు, ప్రతిగ్రహీత పేరు, భూమి ఎల్లలు; చివరకు ధర్మము చెరచినవానికి శాపము. బిరుదావళియు శాపమును ఒక శాసనమునుండి మరియొకదానికి ఇంచుమించు యథాతథముగ నడచి వచ్చుచుండును. చరిత్రకారుడు వానిని గౌరవముతో చదివి ముందుకు సాగును. అతని చూపు నిలుచునది తిథివద్ద, పేరువద్ద, ఎల్లలవద్ద. ఏలయన ఆ శాసనమునకే చెందిన సంగతి అచ్చటనే యున్నది. అయితే ఆ కాలమున మూస యనునది వ్రాయించువారి మనస్సులో నుండెనే గాని, వేరొక వస్తువుగ లేకుండెను. శిల్పి ప్రతి పర్యాయమును ఆద్యంతము చెక్కవలసినదే.

మూసను పుటనుండి వేరుచేసినది అచ్చుయంత్రము. జర్మనీలోని మైంజ్ నగరమున 1454, 1455 సంవత్సరములలో పాపక్షమాపణ పత్రములు అచ్చైనవి. ఐరోపాలో కదిలెడు అక్షరములతో అచ్చై, తేదీ తెలియుచున్న తొలి ముద్రణములలో ఇవి చేరినవి. సైప్రస్ ద్వీపమును తురుష్కులనుండి కాపాడుటకు విరాళమిచ్చినవారికి ఆ పత్రములను ఇచ్చుచుండిరి. వాక్యములన్నియు అచ్చులో నుండును. దాత పేరునకును, దినమునకును మాత్రము చోటు విడిచియుండును. గుమాస్తా ఆ చోట కలముతో పూరించి ఇచ్చును. అచ్చు పుట్టిన నాడే ఖాళీ గడియు పుట్టినదన్నమాట.

మన హైదరాబాదు సంస్థానమునకు వత్తము. 1853లో దివానుపదవి వహించిన మొదటి సాలార్‌జంగు, 1865లో జిలాబందీ యను ఏర్పాటు నడపి, రాజ్యమును జిల్లాలుగ విభజించి, జీతగాండ్రైన ఉద్యోగులను నియమించెను. పలుచోట్ల లెక్కలు రాజధానిలో ఒక్కచోట కూడవలెనన్న అవి ఒకే తీరున ఉండవలెను. ఒకే తీరున ఉండవలెనన్న గడులు గీచిన కాగితము కావలెను. తెలంగాణ పల్లెలలో అట్టి కాగితములకెల్ల పేరుపొందినది పహాణీ. సర్వేనంబరు, విస్తీర్ణము, పట్టాదారు, సాగుచేయువాడు, పైరు, వీనికి అందు గడులుండెను. 1950లో హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టము వచ్చి రక్షిత కౌలుదారులకు హక్కులు కల్పించినది. అప్పటినుండి ఎవరి పేరు ఏ గడిలో నున్నదను ప్రశ్న కుటుంబముల బ్రతుకునకే ప్రశ్నయైనది. 1954-55 నాటి ఖాస్రా పహాణీని భూమి తగవులలో నేటికిని తీసి చూపుచున్నారు. మైంజ్ పత్రములకు సరిగా ఐదువందల యేండ్లకు పిమ్మట వచ్చిన ఈ పత్రమందును ఘనత గీతలది కాదు, గీతల నడుమ వ్రాసిన పేరుది.

గడి విడువవలసిన చోట విడువకపోవుటయు ఒక తప్పే. ఇరువదవ శతాబ్దమున రసీదులపైని, దరఖాస్తులపైని, చెక్కులపైని సంవత్సరముకొరకు ‘19’ అని ముందే అచ్చువేసి, తక్కిన రెండంకెలకు చోటు విడుచుట వాడుక. అచ్చువేసినవారికి ఆ ‘19’ శాశ్వతమని తోచెను. 2000వ సంవత్సరము వచ్చినది. మిగిలిన కట్టలలోని ప్రతి కాగితముపైని ఆ అంకెను కొట్టివేసి, పైన వ్రాయవలసి వచ్చినది. కొంత ఆలస్యముగ మారునది ఎన్నటికిని మారదని భ్రమించుట మూసలు చేయువారికి సహజమైన పొరపాటు.

ఇక కాగితమునుండి తెరకు. 1991లో టిమ్ బర్నర్స్-లీ వెబ్‌ను లోకమునకు తెరచినప్పుడు పుటలను చేతితో ఆసాంతము వ్రాయుచుండిరి. శిల్పి పని మరల వచ్చినది. నూరు పుటలున్నచో నూరు చోట్ల తలకట్టు వ్రాయవలెను. చిరునామా మారినచో నూరు చోట్ల దిద్దవలెను. 2001లో బెన్ ట్రాట్, మేనా ట్రాట్ దంపతులు వెలువరించిన సాధనము మూసను వేరుగ నుంచి, దానిలో వ్యాసములను పోసి, పుటలను ముందుగనే తయారుచేసి పెట్టుచుండెను. దానికి వారు పెట్టిన పేరు మూవబుల్ టైప్, అనగా కదిలెడు అక్షరము. 2008లో టామ్ ప్రెస్టన్-వెర్నర్ జెకిల్‌ను, 2013లో స్టీవ్ ఫ్రాన్సియా హ్యూగోను వెలువరించిరి. ఇట్టివానిని స్టాటిక్ సైట్ జనరేటర్లు అందురు.

రేడియో గల ఇండ్లవారికి ఈ మాట తేలికగ బోధపడును. కొన్ని వెబ్‌సైట్లు ప్రత్యక్ష ప్రసారము వంటివి. పాఠకుడు అడిగిన క్షణముననే పుటను కూర్చి పంపును. స్టాటిక్ సైటు ముందుగ ధ్వనిముద్రణము చేసి పెట్టిన ప్రసంగము వంటిది. ఒక మారు తయారై, అడిగినవారికెల్ల అదియే అందును. ఖర్చు తక్కువ, వేగము ఎక్కువ. కాని ముద్రణములో తప్పు దొర్లినచో, దానిని మరల ముద్రించువరకు అందరికిని అదే తప్పు వినబడును.

జెకిల్‌లో పుట వ్రాయువారు శిరస్సున మూడు అడ్డగీతలు పెట్టి, దిగువ గడి పేరు, కోలన్, విలువ, ఈ వరుసన వ్రాయుదురు. మరల మూడు అడ్డగీతలతో దానిని ముగించి, పిదప అసలు పాఠమును ఉంచుదురు. ఈ పైభాగమునకు ఫ్రంట్ మ్యాటర్ అని పేరు. గ్రంథములలో ముఖపత్రము, ముందుమాట మున్నగువానికి అచ్చుశాలలవారు వాడిన పేరే అది. గడి పేర్లు ఇంగ్లీషున ఉండుట వాడుక. విలువలు తెలుగున నిరాటంకముగ వ్రాయవచ్చును. శీర్షికలోనే కోలన్ వచ్చినచో మాత్రము దానిని ఉద్ధరణ చిహ్నముల నడుమ నుంచుట క్షేమము. లేనియెడల యంత్రము దానిని మరియొక గడిగ భ్రమించును.

మూసలో, మనము బడిలో ఫ్లవర్ బ్రాకెట్లని నేర్చుకొన్న గుర్తులను జంటలుగ పెట్టి, వాని నడుమ ‘పేజ్ డాట్ టైటిల్’ అని ఇంగ్లీషున వ్రాసినచో, ఆ పుట శీర్షిక వచ్చి అచ్చట కూర్చుండును. ‘సైట్ డాట్ టైటిల్’ అని వ్రాసినచో సైటునకంతటికి చెందిన పేరు వచ్చును. మొదటిది ఇంటిలోని మనిషి పేరు వంటిది, రెండవది ఇంటిపేరు వంటిది. పుట తన సంగతి తాను చెప్పుకొనక మౌనము వహించినచో ఏమగును? మూసలో వేరు ఏర్పాటు లేనిచో ఆ చోట ఏమియు అచ్చుకాదు. తప్పు జరిగినదని ఎవరును చెప్పరు. వేరు ఏర్పాటున్నచో, పుటకు బదులుగ మరియొకటి వచ్చి అచ్చట నిలుచును. దీనిని డిఫాల్ట్ అందురు. సౌకర్యమంతయు ఇందున్నది, ప్రమాదమంతయు ఇందే యున్నది.

మలక్‌పేటకు చేరువనే ఆస్మాన్‌గఢ్ దిబ్బమీద, నిజాము సేనలో పనిచేసి 1798లో గతించిన ఫ్రెంచి సేనాని రేమాండు సమాధి యున్నది. ఆయనను కొందరు మూసారాం అనిరి, కొందరు మూసా రహీం అనిరి. మూసారాంబాగ్ అను పేరు అట్లే నిలిచినది. పేరు గడిని ఎవరు పూరించిరో వారి నోటికి ఒదిగినదే మిగులును. అక్కడ ప్రేమతో పూరించిరి గనుక నష్టము లేదు. ప్రేమయు లేక, ద్వేషమును లేక, యంత్రము పూరించినప్పుడు ఏమి జరుగునో మేము కన్నులార చూచితిమి.

ఆ ప్రాంతముననే ఒక పఠనమందిరమువారు తమవద్ద పూర్వము జరిగిన ఉపన్యాసముల టైపు ప్రతులను వెబ్‌సైటుగ వెలువరించిరి. పుటలను సరిచూచినవారిలో మేమును ఉంటిమి. పాఠములోని అచ్చుతప్పులను శ్రద్ధతో దిద్దితిమి, శిరోభాగమును చూడలేదు. మూస కూర్చిన యువకులు రెండు సౌకర్యములు చేసియుండిరి. పుటలో తేదీ లేనిచో, సైటు తయారైన దినము వచ్చును. వక్త పేరు లేనిచో, సైటు నిర్వాహకుని పేరు వచ్చును. చూచుటకు ప్రతి పుటయు నిండుగనే యుండెను.

ఒకనాడు ఆ పేటలోనే నివసించు ఒక పెద్దావిడ మనుమని ఫోనులో ఒక పుటను చూపించుచు మావద్దకు వచ్చిరి. “ఇది మా నాన్నగారి ఉపన్యాసం, నాయనా. పైన పేరు ఆయనది కాదు. తేదీ నిన్నటిది వేశారు. ఆయన పోయి ముప్పై ఏండ్లయింది” అనిరి. ఆ ఉపన్యాసము 1908 సెప్టెంబరునాటి మూసీ వరదను గూర్చినది. అందులో వక్త, ఆ వరదనుండి బయటపడిన తన తల్లి నేటికిని తమ యింట నున్నదని చెప్పియుండెను. అరువది యేండ్ల క్రిందట అది నిజము. నిన్నటి తేదీ క్రింద అది అసత్యమైనది. పాఠములో ఒక్క అక్షరమైనను మారలేదు; అయినను సాక్ష్యము చెడినది. తండ్రిగారి పేరు పోయినందుకు ఆ తల్లి మమ్ము నిందింపలేదు. “దిద్దగలరా?” అని మాత్రమే అడిగిరి.

దిద్దుటకు కూర్చున్నప్పుడు మరియొక సంగతి బయటపడినది. కొన్ని పుటలలో వక్త పేరు వ్రాసియే యున్నది. కాని గడి పేరు ‘ఆథర్’ అనుటకు బదులు ‘స్పీకర్’ అని యున్నది. మూస వెదకునది ఆథర్‌ను. మనిషి గుర్తింపగలిగిన పర్యాయపదమును యంత్రము గుర్తింపలేదు. కనుక ఉన్న పేరును విడిచి, లేని పేరును తెచ్చినది. ఆవిడ తండ్రిగారి పుటయు అట్టిదే.

టైపు ప్రతుల అంచులపై పెన్సిలుతో వ్రాసియున్న తేదీలను వెదకి, ఒక్కొక్క పుటకు దాని తేదీని, దాని వక్తను దానిలోనే వ్రాసితిమి. గడులన్నిటికి ఒకే పేరు నిర్ణయించితిమి. పేరు లేనిచో నిర్వాహకుని పేరు తెచ్చెడు ఏర్పాటును తొలగించి, ‘వక్త పేరు దొరకలేదు’ అని బహిరంగముగ అచ్చగునట్లు చేసితిమి. తేదీ గడియే లేని పుట ఎదురైనప్పుడు సైటు తయారగుట ఆగిపోవునట్లును ఏర్పాటు చేసితిమి. జెకిల్‌లో అట్టి కఠిన నియమమునకు అవకాశము కలదు. కొన్ని ప్రతులకు తేదీ ఎచ్చటను కానరాలేదు. వానికి తేదీ తెలియదనియే తేదీ గడిలో వ్రాసి విడిచితిమి. అది చూచుటకు వెలితిగనే యుండును. ఆ వెలితి నిజము.

డిఫాల్టులు కూడవని మా భావము కాదు. పఠనమందిరము పేరు, చిరునామా, భాష, పుట అడుగున వచ్చు ప్రకటన, ఇవి ప్రతి పుటకును సమానమే. వానిని ప్రతిచోట వ్రాయుట వ్యర్థప్రయాస. ఎవరును చూడకున్నను ఏ సంగతి ప్రతి పుటయందును సత్యమో, దానిని మూసకు అప్పగింపవచ్చును. చూచి చెప్పవలసిన సంగతిని మాత్రము పుటయే చెప్పవలెను. పేరు, తేదీ, ఊరు ఈ రెండవ జాతివి.

మలక్‌పేట గంజులో అనుభవశాలియైన రైతు తక్‌పట్టి అందగానే పై అచ్చును చదువడు. తూకము గడిని, ధర గడిని చూచుకొని, ఖాళీ యున్నచో వ్రాయించుకొని గాని కదలడు. తాను పూరింపని గడిని మరియొకరు పూరింతురని అతడెరుగును. ఆ పెద్దావిడ తండ్రిగారి పేరు ఇప్పుడు ఆయన ఉపన్యాసముమీద ఉన్నది. క్రింద ఆయన మాట్లాడిన దినము ఉన్నది. ఆ దినము చదివి ముందుకు పోవు పాఠకునకు, వరదనుండి బయటపడిన ఆ తల్లి ఏ కాలమునాటిదో తెలియును.