సూరత్ నుంచి డామన్‌కు: రెండు కోటలు చెప్పే పాఠం

విద్యార్థులారా! చరిత్ర పుస్తకంలో పోర్చుగీసువారి గురించి చదివేటప్పుడు గోవా పేరు మాత్రమే గుర్తుంటుంది. ఈసారి సూరత్ వెళ్లినప్పుడు మరో ఊరు కూడా చూసి రండి. సూరత్‌లో రైలెక్కి దక్షిణంగా వాపి స్టేషన్‌లో దిగితే, అక్కడి నుంచి కొద్ది దూరంలోనే సముద్రపు ఒడ్డున డామన్ ఉంది.

ముందుగా సూరత్‌లోనే తాపీ నది ఒడ్డున ఉన్న కోటను చూడండి. 1530లో పోర్చుగీసు దళం సూరత్‌ను తగలబెట్టింది. అలాంటి దాడులను అడ్డుకోవడానికి గుజరాత్ సుల్తాన్ మూడవ మహమూద్ కోట కట్టమని ఆజ్ఞాపించాడు. ఖుదావంద్ ఖాన్ పర్యవేక్షణలో 1540లలో నిర్మాణం సాగింది. మూలల్లో గుండ్రని బురుజులు, చుట్టూ కందకం ఉంటాయి.

ఇక డామన్ సంగతి. పోర్చుగీసువారు 1559లో దీనిని ఆక్రమించారు. దమన్‌గంగా నది ఊరిని రెండుగా చీలుస్తుంది. దక్షిణాన మోటీ డామన్, ఉత్తరాన నానీ డామన్. మోటీ అంటే పెద్ద, నానీ అంటే చిన్న. మోటీ డామన్ కోటలోకి అడుగుపెట్టాక బురుజుల ఆకారం గమనించండి. అవి గుండ్రంగా ఉండవు, బాణం మొనల్లా ముందుకు పొడుచుకు వస్తాయి. ఎందుకలా?

ఇక్కడ కొంచెం జ్యామితి అవసరం. గుండ్రని బురుజు ముందు కొంత స్థలం పక్క బురుజుల వారి చూపుకు అందదు. గోడ దాకా వచ్చిన శత్రువు అక్కడ దాక్కోవచ్చు. బాణం మొన ఆకారంలో కడితే దాని రెండు ముఖాల వెంబడి పక్క బురుజుల ఫిరంగులు సూటిగా కాల్చగలవు. దాక్కునే చోటు మిగలదు. ఫిరంగి వచ్చాక కోట రూపమే మారిపోయింది.

అయితే పోర్చుగీసువారి అసలు బలం గోడల్లో కాదు, ఒక కాగితంలో ఉంది. దాని పేరు కర్తాజ్. అరేబియా సముద్రంలో తిరిగే ఓడలు ఈ అనుమతి పత్రం తీసుకోవాలి, వారి రేవులో సుంకం కట్టాలి. పత్రం లేని ఓడను పట్టుకునేవారు. మన మచిలీపట్నం రేవు ఓడలకూ ఈ బెడద తప్పలేదు. సముద్రం ఎవరి సొత్తు? ఆ హక్కు వారికి ఎవరిచ్చారు? ఎవరూ ఇవ్వలేదు, ఫిరంగులతో తీసుకున్నారు.

పత్రం ఉన్నా రక్షణ లేదని 1613లో తేలింది. జహంగీర్ చక్రవర్తి తల్లి మరియమ్ ఉజ్ జమానీకి చెందిన రహీమీ అనే ఓడను పోర్చుగీసువారు సూరత్ దగ్గర పట్టుకున్నారు. ఆ ఓడకు అనుమతి పత్రం ఉంది! కోపించిన జహంగీర్ డామన్ మీదికి సేనను పంపాడు. ఆ మరుసటి సంవత్సరమే నది అవతల, నానీ డామన్‌లో సెయింట్ జెరోమ్ కోట నిర్మాణం మొదలైంది. ఇలా ఒక ఓడ కథ సూరత్‌నూ డామన్‌నూ ముడివేసింది.

ఇంత చేసినా కోటలు ఎల్లకాలం కాపాడలేదు. 1961 డిసెంబరు 18న భారత సైన్యం డామన్‌లో ప్రవేశించింది. మరునాడు పోర్చుగీసు దళం లొంగిపోయింది. 402 సంవత్సరాల పాలన రెండు రోజుల్లో ముగిసింది. 1947లో దేశమంతా పండుగ చేసుకున్నా డామన్ ప్రజలు మరో 14 సంవత్సరాలు వేచి ఉండవలసి వచ్చింది. ఇప్పుడు ఆ కోట లోపలే ప్రభుత్వ కార్యాలయాలు నడుస్తున్నాయి.

ఇప్పుడు మీరు చేయవలసిన పని. ఒక కాగితం మీద వరుసగా మూడు గుండ్రని బురుజులు, వాటి కింద మూడు బాణం మొన బురుజులు గీయండి. రెండు వరుసల్లోనూ పక్క బురుజుల నుంచి మధ్య బురుజు ముందుకు సరళరేఖలు గీసి, ఏ చోటు మరుగున పడుతుందో గుర్తించండి. తర్వాత ఈ ప్రశ్న గురించి మిత్రులతో చర్చించండి: అందరూ నడిచే దారికి ఒక్కరే కాపలాదారు అయితే, ఆ కాపలాదారును అదుపు చేసేది ఎవరు?