కూనూరు గినీ పందులు, మన మోకాళ్ళ మాత్రలు

మన బైరకూరు వైపు మోకాళ్ళ నొప్పి అంటే చాలు, డాక్టరు చీటీ లేకుండానే అంగడిలో మాత్ర తెచ్చి మింగేవాళ్ళు ఉన్నారు. రెండు రోజుల్లోనే నొప్పి మాయమైందంటే అందులో స్టెరాయిడ్ ఉండవచ్చు. ఈ మందు చరిత్రలో ఎలుకలకూ గినీ పందులకూ పెద్ద పాత్ర ఉంది. అందులో ఒక ముక్క మనకు మరీ దూరం కాని నీలగిరి కొండ మీద జరిగింది.

మూత్రపిండాల నెత్తిన టోపీ పెట్టినట్టు ఒక్కో చిన్న గ్రంథి ఉంటుంది. దాని పేరు అడ్రినల్. లోపలి భాగం అడ్రినలిన్ చేస్తుంది, పైపొర స్టెరాయిడ్లు చేస్తుంది.

కూనూరుకు కొండ రైలు 1899లో చేరింది (రైల్వేవాళ్ళం, రైలు మాట రాకుండా ఎలా రాస్తాం!). 1918లో అక్కడి పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో, ఒక్క గదిలో, రాబర్ట్ మెక్‌కారిసన్ అనే డాక్టరు బెరిబెరి పరిశోధన మొదలుపెట్టారు. 1919లో ఆయన గినీ పందుల సంగతి రాశారు. పచ్చి మేత లేక స్కర్వీ వచ్చిన వాటికి అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, కానీ లోపల అడ్రినలిన్ తగ్గింది. గ్రంథి పెద్దదైతే పని కూడా ఎక్కువ చేస్తుందని అనుకుంటాం. ఇక్కడ తలకిందులైంది. ఈ పరీక్షకు ఎలుక పనికిరాదు, ఎందుకంటే విటమిన్ సి దాని ఒంట్లోనే తయారవుతుంది. గినీ పందికీ మనకూ ఆ భాగ్యం లేదు. ఆ ఒక్క గదిలో పుట్టిన సంస్థే 1958లో హైదరాబాదుకు మారింది. తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అదే.

అసలు మనం తెలుసుకోవలసింది 1937 నాటిది. అమెరికాలో డ్వైట్ ఇంగిల్, ఎడ్వర్డ్ కెండాల్ అనేవాళ్ళు ఎలుకలకు అడ్రినల్ సారాన్ని ఎక్కువగా ఇచ్చి చూశారు. ఎలుకల సొంత గ్రంథి పైపొర కుంచించుకుపోయింది. సరుకు బయటినుంచి వస్తోంది కదా అని మెదడు కిందున్న పిట్యూటరీ గ్రంథి ఆర్డరు పంపడం మానేస్తుంది. ఇండెంటు పెట్టకపోతే వ్యాగన్ రాదు కదా, అలాగే. మరో 11 ఏళ్ళకు, 1948లో, మేయో క్లినిక్‌లో కీళ్ళవాతం మనిషికి కార్టిసోన్ ఇచ్చారు. 1950లో కెండాల్, హెంచ్, రైక్‌స్టైన్‌లకు నోబెల్ వచ్చింది. ఎలుక అప్పటికే చెప్పేసిన మాట మాత్రం మందుల అంగడిలో వినిపించదు. వారాల తరబడి మింగి ఒక్కసారిగా మానేస్తే, నిద్రపోయిన గ్రంథి వెంటనే లేవదు. బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఇప్పటికే మింగుతున్నవాళ్ళు భయపడి రేపే ఆపేయకండి, డాక్టరుతో చెప్పి మెల్లగా తగ్గించుకోండి.

ఇంకొక్కటి. ఎలుకకు ముఖ్యమైన హార్మోను కార్టికోస్టెరోన్, మనకూ గినీ పందికీ కార్టిసాల్. ఎలుక రాత్రి తిరిగేది కాబట్టి దానికి పొద్దుగూకే వేళ హార్మోను ఎక్కువ ఊరుతుంది, మనకు తెల్లవారుజామున. అందుకే ఈ మాత్రను మామూలుగా పొద్దున్నే వేసుకోమంటారు. మనలో నైట్ డ్యూటీలు చేసేవాళ్ళు ఆ సంగతి కూడా డాక్టరుకు చెప్పాలి.