జ్వరం ముందా, దద్దుర్లు ముందా? పసిపిల్లల జబ్బుల్లో రోజుల లెక్క

పసిపిల్లల ఒంటి మీద ఏదైనా పేలగానే పెద్దలు ముందు దాని రూపం చూస్తారు: ఎర్రగా ఉందా, నీరు పట్టిందా, దురద పెడుతోందా అని. ఇప్పుడైతే ఫొటో తీసి తెలిసిన డాక్టరుకు వాట్సాప్‌లో పంపుతున్నారు. రూపం అక్కరలేదని కాదు. జ్వరం వచ్చిన ఎన్నో రోజున పేలింది, ఒంట్లో ఎక్కడ మొదలైంది అన్నవి అంతకన్నా ఎక్కువ చెబుతాయన్నది ఈ వ్యాసం వాదన. చామనచాయ ఒంటి మీద ఎరుపు ఫొటోలో సరిగ్గా తేలదు గనుక మన పిల్లల విషయంలో ఇది మరీ నిజం.

తట్టునే తీసుకుందాం. ముందు జ్వరం, దగ్గు, కారే ముక్కు, ఎర్రబడిన కళ్లు. మూడు నాలుగు రోజులు గడిచాక దద్దుర్లు. అవి చెవుల వెనక, జుట్టు అంచున మొదలై ముఖం, ఛాతీ మీదుగా కాళ్లకు దిగుతాయి. అంతకు ఒకటి రెండు రోజుల ముందే బుగ్గ లోపలి వైపు, దవడ పళ్లకు ఎదురుగా, ఉప్పు రవ్వల్లాంటి తెల్లటి చుక్కలు కనిపించవచ్చు. న్యూయార్క్ వైద్యుడు హెన్రీ కోప్లిక్ 1896లో వర్ణించింది వీటినే. అమ్మవారు పోసిందని గుమ్మానికి వేపమండలు కట్టి బిడ్డను విడిగా పడుకోబెట్టే ఆచారంలో అంటు గురించిన ఎరుక ఉంది. అయితే దద్దుర్లకు నాలుగు రోజుల ముందు నుంచే తట్టు అంటుకుంటుంది. వేపమండ కట్టేసరికి పక్కింటి పిల్లలకు సోకడం అయిపోయి ఉండవచ్చు. ఇక పత్యం పేరిట తిండి తగ్గించడం కచ్చితంగా కీడే. తట్టు వచ్చిన బిడ్డకు కావలసింది తిండి, నీళ్లు, వరసగా రెండు రోజులు వయసును బట్టి డాక్టరు వేసే విటమిన్ ఎ మోతాదులు.

ఆటలమ్మను పోల్చుకోవడం తేలిక: ఎర్ర చుక్క, నీటిపొక్కు, పక్కు ఒకేసారి పక్కపక్కనే ఉంటాయి. నోరు, అరచేతులు, అరికాళ్లు పేలితే చాలావరకు కాక్సాకీ వైరస్‌ల పని. 2022లో కేరళలోని కొల్లంలో ‘టొమాటో ఫ్లూ’ అంటూ దేశమంతా భయపడింది. కేరళ వెళ్లి బ్రిటన్ తిరిగొచ్చిన ఇద్దరు పిల్లలను పరీక్షిస్తే తేలింది కాక్సాకీ ఎ16.

అసలు చిక్కు జ్వరం తగ్గాక వచ్చే దద్దుర్లతోనే. ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు పిల్లల్లో రోజియోలా సాధారణం. మూడు నుంచి ఐదు రోజులు ఒళ్లు కాలిపోతుంది, తర్వాత జ్వరం ఒక్కసారిగా దిగి మెడ మీద, వీపు మీద దద్దుర్లు వస్తాయి. అప్పటికి జబ్బు పోయినట్టే. డెంగీలోనూ జ్వరం దిగే వేళ, ఆ తర్వాత దద్దుర్లు రావచ్చు. కానీ అక్కడ ప్రమాదం ఉండేది జ్వరం దిగిన ఆ 24 నుంచి 48 గంటల్లోనే. రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి కారిపోతుంది. ఇళ్లలో అందరి చూపూ ప్లేట్‌లెట్ల అంకె మీదే. ద్రవం కారుతోందని తెలిపేది మాత్రం పెరిగే హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల వాటా. కడుపునొప్పి అని చెప్పలేని ఏడాది బిడ్డ విషయంలో తల్లి చూడవలసినవి: ఆగని వాంతులు, చల్లబడిన చేతులు కాళ్లు, చిగుళ్లలో రక్తం, మత్తు, నాలుగైదు గంటలైనా తడవని లంగోటా. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆసుపత్రికి వెళ్లవలసిందే. డెంగీ కాదని రక్తపరీక్షలో తేలేదాకా ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ జోలికి పోకూడదు.

రోజుల లెక్కతో పనిలేని సందర్భం ఒకటుంది. జ్వరంతో ఉన్న బిడ్డ ఒంటి మీది చుక్కలపై గాజుగ్లాసు అదిమి పట్టినా రంగు మాయకపోతే అది చర్మం కింద రక్తం. మెనింగోకాకల్ వ్యాధి కావచ్చు, తెల్లవారేదాకా ఆగరాదు.

తట్టు నిఘాలో దద్దుర్లు మొదలైన తేదీ కీలకం. మొదటి మూడు రోజుల్లో ఐజీఎం ప్రతిరక్షకాలు కొందరిలో ఇంకా కనబడవు. 28 రోజులు దాటితే రక్త నమూనా అంతగా అక్కరకు రాదు. తేదీ అడిగితే తడుముకునే అమ్మమ్మే ‘ఆదివారం కోడి వండిన రోజు ఒళ్లు కాలింది, బుధవారం నీళ్లు పోస్తుంటే చెవుల వెనక కనిపించాయమ్మా’ అని తడుముకోకుండా చెప్పగలదు. ఏఎన్‌ఎం ఆ రెండింటినీ తేదీలుగా మార్చి రాసుకోవాలి.