చేదాకు మీద వేడి కొవ్వు

ఐరోపాలో చేదు ఆకుల్ని పచ్చిగా తినడం రోమన్ల కాలం నుంచీ ఉన్నదే. క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దపు కవి హొరేస్ తన సాదా భోజనాన్ని చెప్పుకుంటూ ఆలివ్‌ల పక్కన చికోరీనీ చేర్చాడు. మధ్యధరా తీరంలో దానికి పెద్ద హంగామా అక్కర్లేదు. ఉప్పు, వెనిగర్, ఆలివ్ నూనె వేసి కలిపితే సరి. ఆల్ప్స్ దాటి ఉత్తరానికి వెళ్తేనే చిక్కు. అక్కడి చలికి ఆలివ్ చెట్టు బతకదు. పేదింట్లో చేతికందే కొవ్వు పందిదే. చలికాలపు నెయ్యిలా అదీ పేరుకుపోతుంది. చల్లటి ఆకు మీద వేస్తే తెల్లగా అట్టకట్టి అంగిలికి అంటుకుంటుంది. అందుకే కాచి, వేడి తగ్గకముందే పోయాలి. ఈ పద్ధతిని ఏ గొప్ప వంటవాడి ఖాతాలోనో వేయడం కంటే, ఆలివ్ నూనె దొరకని వంటింటి అవసరంగా చూడటమే నాకు సబబనిపిస్తుంది.

ఇలా వేడి కొవ్వు పోసే చేదాకు సలాడ్‌కు ఇవాళ పేరు మోసిన ఊరు ఫ్రాన్స్‌లోని లియాన్. పట్టు నేతకు పెట్టింది పేరైన నగరమది. క్రోయి రూస్ గుట్ట మీది నేతగాళ్లు గిట్టుబాటు కూలి కోసం 1831లో తిరగబడ్డారు, 1834లో మళ్లీ రోడ్డెక్కారు. పొద్దున్నే పంది మాంసపు వంటకాలు, వైన్‌తో కడుపు నింపుకునే అలవాటు వాళ్లది. బుషోన్ అనే చిన్న పూటకూళ్ల ఇళ్లు ఆ రుచుల్ని ఇప్పటికీ వండుతున్నాయి. సలాడ్ లియోనేజ్ లేని బుషోన్ అరుదు.

అందులో వేసేది ఫ్రిజే. చికోరీకి దగ్గరి చుట్టం, అంచులు ఉంగరాలు తిరిగిన ఆకు. (చికోరీ మనకూ పరాయిది కాదు. ఫిల్టర్ కాఫీ పొడిలో కలిపేది దాని వేరునే.) కోతకు ముందు రైతు మొక్క మీద మూతపెట్టో, ఆకుల్ని గుత్తిగా కట్టేసో వెలుతురు తగలకుండా చేస్తాడు. దాంతో నడిమి ఆకులు పాలిపోయి చేదు తగ్గుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో బ్రస్సెల్స్ తోటమాలులు ఇదే కిటుకును చివరిదాకా లాగి, చికోరీ వేర్లను చీకట్లో మొలకెత్తించి తెల్లటి మొగ్గల్ని పండించారు.

వంటకు ముందు ఆకును తడి లేకుండా ఆరబెట్టాలి, లేకపోతే కొవ్వు ఆకును పట్టదు. ఉప్పు పట్టించిన పంది పొట్టమాంసాన్ని వేలెడంత ముక్కలుగా కోసి, చల్లటి పెనంలోనే వేసి సన్నసెగ మీద పెట్టాలి. కొవ్వు కరిగి బయటికొస్తుంది, ముక్క కరకరలాడుతుంది. ముక్కలు తీసేసి ఆ వేడి కొవ్వులో వెనిగర్ పోస్తే ఘాటైన ఆవిరి లేస్తుంది, మొహం కాస్త పక్కకు పెట్టుకోవాలి. పెనానికి అంటిన మాడును గరిటెతో గీకి, ఆవాల ముద్ద కలిపి, వెంటనే ఆకుల మీద కుమ్మరించాలి. ఆకు అంచులు వాలాలి గానీ ఉడికిపోకూడదు. పైన వేయించిన రొట్టె ముక్కలు, పెంకు తీసి నీళ్లలో ఉడికించిన గుడ్డు. పచ్చసొన చిదిమితే అదే రెండో డ్రెస్సింగ్. ఉప్పు, కొవ్వు, పులుపు కలిసి చేదును అణుస్తాయి, పూర్తిగా చంపవు. చంపేస్తే ఇంత శ్రమ దేనికి?

జర్మన్ వలసదారులతో ఇలాంటి వంటే అట్లాంటిక్ దాటింది. పెన్సిల్వేనియా డచ్ అని పిలిచే వాళ్ల సంతతి ఇళ్లలో ఇందుకు వాడేది డాండెలియన్ అనే చేదాకు. డ్రెస్సింగ్‌లో గుడ్డు, పిండి, పంచదార కూడా పడి చిక్కటి తీపి పులుసులా తయారవుతుంది. ఫ్రెంచివాళ్లకు ఆ తీపి నచ్చకపోవచ్చు, నాకూ కాస్త ఎక్కువే. ఈస్టర్‌కు ముందు గురువారం ఆకుకూర తింటే ఏడాదంతా జబ్బు చేయదని వాళ్ల నమ్మకం. నెలల తరబడి ఉప్పు మాంసం, నిల్వ దుంపలు తిన్న ఒంటికి తొలి పచ్చదనం మేలు చేసిందంటే కాదనలేం. కాకపోతే డాండెలియన్‌ను పూత రాకముందే కోయాలి, తర్వాత చేదు ముదురుతుంది. ఈస్టరేమో మార్చి 22 నుంచి ఏప్రిల్ 25 దాకా ఎప్పుడైనా రావచ్చు. పండగ ఆలస్యమైన ఏడాది లేతాకు కోసం నీడపట్టున వెతుక్కోవాల్సిందే.