దూరనడక యాత్రికులు, సామగ్రి సర్వేలు

రోజుల తరబడి, కొన్నిచోట్ల నెలల తరబడి కాలినడకన సాగేవారు ఏం తొడుక్కున్నారు, ఏం మోసుకెళ్లారు, అందులో ఏది ఆదుకుంది, ఏది దారిలో బరువైంది అని అడిగి రాసుకునే పరిశోధనను దూరనడక యాత్రికుల సామగ్రి సర్వే అంటారు. చెప్పులు, బూట్లు, మూటలు, పడక, వానకు కప్పుకునేవి, నీటి సీసాలు, మందులు అన్నీ దీని కిందికి వస్తాయి. ఇలాంటి సర్వే విలువ ప్రశ్నల కన్నా ముందు జవాబిచ్చినవారి మీద ఆధారపడుతుంది. నడిచేవారు తమ చెప్పుల గురించీ మూట గురించీ మాట్లాడటానికి సాధారణంగా వెనకాడరు. అడిగే చోటు, వేళ, తీరు కుదరనప్పుడే ఆ మాటలు ఫారం దాకా రావు.

రేగొండ తొవ్వలు

రేగొండ జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో మండల కేంద్రం, పరకాల నుంచి భూపాలపల్లి వెళ్లే రోడ్డు మీద ఉంది. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడేదాకా వరంగల్ జిల్లాలో ఉండేది. ఇక్కడ నడక ఒక్క రకం కాదు. ఆదిమానవుల రంగు బొమ్మలున్న పాండవుల గుట్టల ఇసుకరాతి కొండలకు నగరాల నుంచి ట్రెక్కింగ్ చేసేవారు, తాళ్లతో బండలెక్కేవారు వస్తారు. కార్తీక పౌర్ణమికి తిరుమలగిరి దగ్గర బుగులోని జాతర, ఫాల్గుణంలో కొడవటంచ లక్ష్మీనరసింహస్వామి జాతర జరుగుతాయి. వీటికి చుట్టుపక్కల ఊళ్ల జనం వస్తారు. రెండేళ్లకోసారి మాఘ మాసంలో జరిగే మేడారం సమ్మక్క సారలమ్మ జాతర ఉమ్మడి వరంగల్, కరీంనగర్ జిల్లాల పల్లెలను కదిలిస్తుంది. బస్సులు ఎన్ని నడిచినా, మొక్కుకున్నవారు కొందరు కాలినడకనే పోతారు.

గుట్టలెక్కడానికి వచ్చిన కుర్రవాడిని సామగ్రి గురించి అడిగితే బూటు కంపెనీ పేరు, సైజు, బ్యాగు ఎన్ని లీటర్లదో గడగడా చెబుతాడు. మేడారం తొవ్వ పట్టిన తల్లి దగ్గర ఉండేది వేరే సామాను: చీరకొంగుతోనో పాత లుంగీతోనో కట్టిన ముల్లె, అందులో అమ్మవార్లకు ఇచ్చే బంగారం అనే బెల్లం, ఒడిబియ్యం, సద్ది, ఒక జత బట్టలు. కాళ్లకు హవాయి చెప్పులు ఉండవచ్చు, అసలేమీ లేకపోవచ్చు. చెప్పు పట్టీ ఊడితే కింద నుంచి పిన్నీసు గుచ్చి సర్దుకుంటుంది. అది తెగితే రెండు చెప్పులూ చేతపట్టుకుని నడుస్తుంది. ఆమె చేసిన ఈ మరమ్మతే పాదరక్షల పరిశోధకుడికి కంపెనీ పేరు కన్నా ఎక్కువ నేర్పుతుంది. కానీ 'మీ బూట్ల బ్రాండు ఏది?' అని మొదలయ్యే ఫారంలో దాన్ని రాసే గడి ఉండదు.

ఇదే జాతరలో మరో నడక ఉంది. మహబూబాబాద్ జిల్లా గంగారం మండలం పూనుగొండ్ల నుంచి సమ్మక్క భర్త పగిడిద్దరాజును పెనక వంశం పూజారులు అడవి దారిన కాలినడకన మేడారం తీసుకువస్తారు. వారి చేతుల్లో ఉన్నది పూజా సామగ్రి. దాన్ని బరువు తూచి పట్టికలో ఎక్కించాల్సిన వస్తువుగా చూసే సర్వే మొదటి ప్రశ్నకే వారి నమ్మకం పోగొట్టుకుంటుంది.

పాత నమోదులు

ప్రయాణ సామగ్రి గురించి తర్వాతివారికి పనికొచ్చేలా రాసిపెట్టడం తెలుగులో కొత్త కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి పెద్ద పరివారంతో కాశీకి బయల్దేరి 1831లో తిరిగొచ్చారు. ఆయన లేఖలే కాశీయాత్ర చరిత్ర. దారిలోని ఊళ్లు, దొరికే సరుకులు, నదులు దాటే పద్ధతులు, గుడారాలు, పల్లకీ బోయీల సంగతులు అందులో ఉన్నాయి. ఎవరూ ఫారం ఇవ్వకుండానే ఇంత వివరం వచ్చింది. అయితే అది పల్లకీ ఉన్న మనిషి రాసింది. ఆ పల్లకీ మోసిన బోయీల కాళ్లకు ఏముండేదో వారి నోట వినిపించదు. సామగ్రి సర్వేలను నేటికీ వెంటాడే లోపం ఇదే: కలిగినవారి మాటే కాగితం మీదికి ఎక్కుతుంది.

అమెరికాలో సుమారు 3,500 కిలోమీటర్ల అపలాచియన్ ట్రయల్ ఇలాంటి అధ్యయనాలకు పేరుపడ్డ చోటు. 1955లో ఎమ్మా గేట్‌వుడ్ అనే 67 ఏళ్ల మహిళ ఆ దారంతా ఒంటరిగా నడిచారు. గుడారం లేదు, పడకసంచి లేదు. కాన్వాసు బూట్లు, భుజాన గుడ్డసంచి, వానకు స్నానాల గది ప్లాస్టిక్ తెర. నేటి సామగ్రి ఫారం ఆమె చేతికిస్తే సగం గడుల్లో 'లేదు' అని రాయాల్సి వచ్చేది. రేగొండ రోడ్డు మీద ముల్లెతో నడిచే తల్లికీ ఆమెకూ మధ్య సముద్రాలున్నా, ఆ ఫారం ముందు ఇద్దరి పరిస్థితీ ఒకటే.

అదే దారిలో నడిచినవారి ఆరోగ్యంపై డేవిడ్ బౌల్‌వేర్ చేసిన అధ్యయనం 2003లో అచ్చయింది. అందులో చేరిన 334 మందిలో 280 మంది, అంటే 84 శాతం, చివరిదాకా సహకరించారు. వారిలో 56 శాతం మందికి విరేచనాలు పట్టుకున్నాయి. శుద్ధి చేయని నీళ్లు తరచుగా తాగినవారికి ఆ బాధ ఎక్కువ. నీటిని శుద్ధి చేసే చిన్న పరికరం మూటలో ఉండాలా వద్దా అన్న ప్రశ్నకు ఇంతకన్నా సూటి జవాబు దొరకదు. అయితే జవాబిచ్చినవారిలో దాదాపు 70 శాతం అనుకున్న దూరం నడిచినవారే. ఆ దారి మొత్తం నడవాలని ఏటా బయల్దేరేవారిలో పూర్తిచేసేది నలుగురిలో ఒకరని అక్కడి నిర్వాహకుల అంచనా. రెండూ అచ్చంగా ఒకే కొలత కాకపోయినా, మధ్యలో ఆగినవారి గొంతు ఇలాంటి లెక్కల్లో తగ్గిపోతుందని అర్థమవుతుంది.

ఎందుకు ఒప్పుకుంటారు, ఎందుకు కాదంటారు

సర్వేకు ఒప్పుకోవడంపై రాబర్ట్ గ్రోవ్స్, ఎలినార్ సింగర్, ఏమీ కార్నింగ్ 2000లో ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. దాని ప్రకారం ఒకే విన్నపంలో ఒక్కొక్కరిని ఒక్కొక్క అంశం లాగుతుంది. ఒకరికి విషయం మీద ఇష్టం, ఇంకొకరికి బహుమతి, మరొకరికి అడిగే సంస్థ మీద గౌరవం. విన్నపంలో ఏ అంశం ముందుకు తెచ్చి చెబితే దానికి తగ్గవారే ఒప్పుకుంటారు. 'సామగ్రిపై పరిశోధన' అని పిలిస్తే సామగ్రి మీద మోజున్నవారు వస్తారు, ఖరీదైన బూట్లు కొన్నవారి వాటా పెరుగుతుంది. 'కాళ్లకు బొబ్బలు రాకుండా ఏం చేశారో చెప్పండి' అని పిలిస్తే నడిచిన ప్రతి ఒక్కరికీ అది తమ సంగతే.

చిన్న కానుకను ముందే చేతిలో పెట్టడం, జవాబిచ్చాక ఇస్తామనడం కన్నా ఎక్కువ మందిని ఒప్పిస్తుందని సర్వే పరిశోధనల్లో పదేపదే తేలింది. దారిలో అలాంటి కానుక మజ్జిగ గ్లాసంతే ఉండాలి. కొత్త చెప్పుల జత ఇస్తే జవాబు చెప్పులిచ్చినవారి మెప్పు కోసం మారిపోతుంది. చెప్పుల కంపెనీయే సర్వే చేయిస్తుంటే ఆ సంగతి ముందే చెప్పాలి.

జాతర తొవ్వలో అడిగే మాట కూడా ఆ తొవ్వదే కావాలి. 'ముల్లెల ఏమేం పెట్టుకున్నవక్కా? ఏది మోయలేక ఇడిసిపెట్టినవ్?' అంటే జవాబు వెంటనే వస్తుంది. 'మీ ప్రయాణ సామగ్రి వివరాలు తెలుపగలరు' అంటే ఆమె పక్కనున్న చదువుకున్న కొడుకు వైపు చూస్తుంది, జవాబు కొడుకుదవుతుంది. చెప్పుల్లేనివారి దగ్గర ఇంకా జాగ్రత్త అవసరం. వట్టి కాళ్లతో నడవడం కొందరికి మొక్కు, కొందరికి లేమి. రెంటినీ ఒకే గడిలో వేస్తే లెక్క తప్పుతుంది, అడిగినప్పుడు మొహం చిన్నబోయేలా చేస్తే మనిషే వెళ్లిపోతుంది.

ఎక్కడ నిలబడి అడగాలి

ఈ ప్రశ్నకు గట్టి ఆధారం తెలుగువాడైన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు పనిలో ఉంది. హడగలిలో 1920లో పుట్టి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, 2023లో కన్నుమూసిన రావు, 1965లో వెయిటెడ్ డిస్ట్రిబ్యూషన్స్ సిద్ధాంతానికి రూపమిచ్చారు. దానికి ఆయన చూపిన ఉదాహరణల్లో మొరాకో పర్యాటకుల సర్వే ఒకటి. హోటళ్లలో అడిగితే సగటు బస 17.8 రోజులని వచ్చింది. దేశం విడిచి వెళ్తుండగా సరిహద్దులో అడిగితే 9 రోజులు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఎక్కువ రోజులుండే మనిషి హోటల్లో సర్వేవారి కంటపడే అవకాశం కూడా ఎక్కువ, అంతే.

నడక దారిలోనూ ఇదే జరుగుతుంది. రేగొండలో రోడ్డు పక్క పందిరి వేసుకుని రోజంతా అడిగితే నెమ్మదిగా నడిచి, ఎక్కువసేపు నీడన కూర్చునేవారే ఎక్కువగా దొరుకుతారు. వేగంగా సాగేవారు దాటిపోతారు. అందుకే ఏ ఊరి నుంచి, ఎన్నడు బయల్దేరారో, ఎన్నిచోట్ల ఆగారో ప్రతి ఫారంలో ఉండాలి. దొరికే అవకాశం ఎక్కువున్నవారి జవాబుకు లెక్కలో ఆ మేరకు విలువ తగ్గించాలి. మేడారం గద్దెల దగ్గర మాత్రమే అడిగితే మరో చిక్కు: అక్కడ ఉన్నవారి చెప్పులు అక్కడిదాకా తెచ్చాయి. తేలేకపోయిన చెప్పుల కథ మధ్య ఊళ్ల బస్టాండ్లలో ఉంటుంది, మడమ పుండై కుంటుతూ బస్సెక్కేవారి దగ్గర. నిజంగా సామగ్రి గురించి తెలుసుకోవాలంటే ఒక మనిషిని ఆ బస్టాండులో నిలబెట్టాలి.

వేళ కూడా ముఖ్యమే. పొద్దున చల్లపూట నడిచేవారిని ఆపితే విసుక్కుంటారు. మధ్యాహ్నం చెట్టు కింద చెప్పులు విడిచి, సద్ది విప్పినప్పుడు అదే మనిషి కాలు చాపి బొబ్బ చూపిస్తుంది. ఫారం ఆ విరామంలోనే ముగియాలి.

సమ్మతి, హక్కులు

పేరు, ఫోన్ నంబరు, ఫొటో తీసుకుని కంప్యూటర్లో దాచితే అది 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పరిధిలోకి రావచ్చు. సమ్మతి స్వేచ్ఛగా, ఏ పనికో తెలిసి ఇచ్చినదై ఉండాలి. ఆ విన్నపాన్ని రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని తమ భాషలో చదువుకునే వీలు కల్పించాలి. తెలుగు ఆ జాబితాలో ఉంది. సామగ్రి సర్వేకు చాలాసార్లు పేరు అవసరమే ఉండదు. అడగకపోతే ఒప్పుకునేవారు పెరుగుతారు. కాళ్ల పుండ్లు, నీళ్ల జబ్బులు అడిగితే అది ఆరోగ్య పరిశోధన అవుతుంది. భారత వైద్య పరిశోధన మండలి 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు దానికి వర్తిస్తాయి, నైతిక సమీక్ష కమిటీ అనుమతి కావాలి. గిరిజన సమూహాల్లో పెద్దల అనుమతి తీసుకోవడం మర్యాద, అవసరం కూడా. కానీ అది ఒక్కొక్కరి సమ్మతికి బదులు కాదని ఆ మార్గదర్శకాలు స్పష్టం చేస్తాయి. పూజారుల పెద్ద సరేనన్నా, వెంట నడిచే యువకుడు తన కాళ్ల గురించి చెప్పనంటే అక్కడితో ఆగాలి.