మనుషుల్ని లెక్కలోకి తెచ్చిన పాతికేళ్లు

ఢిల్లీలో ఇల్లులేనివారి పక్షాన నిలిచిన ఆశ్రయ్ అధికార్ అభియాన్‌కు పాతికేళ్లు నిండాయి. 2000లో యాక్షన్ ఎయిడ్ ఇండియా కార్యక్రమంగా మొదలైన ఈ సంస్థ తొలినాళ్లలో తలపెట్టిన పెద్ద పని మనుషుల్ని లెక్కపెట్టడం. కార్యకర్తలు రాత్రిళ్లు ఫుట్‌పాత్‌ల మీద, ఫ్లైఓవర్ల కింద, స్టేషన్ల ముందు తిరిగితే 52,765 మంది తేలారు.

ఎవరు వీళ్లంతా? రిక్షా తొక్కేవాళ్లు, మూటలు మోసేవాళ్లు, పెళ్లి విందుల్లో గిన్నెలు తోమేవాళ్లు, చిత్తుకాగితాలు ఏరేవాళ్లు. సోమరులు కారు, కష్టజీవులు. గది తీసుకోవాలంటే అడ్వాన్సు కట్టాలి. చవకగా దొరికే గది ఊరి చివర ఉంటుంది. అక్కణ్నుంచి తెల్లారేసరికి కూలీల అడ్డాకు చేరలేరు. మిగిలిన నాలుగు రూపాయలూ సొంతూరికి పంపాలి. పాత ఢిల్లీ చలిలో కప్పుకునే రజాయి కూడా రాత్రికింతని అద్దెకు తెచ్చుకునేవారున్నారు. ఇంట్లోంచి గెంటేసిన ఆడవాళ్లు, మతి చలించి దారితప్పినవారు కూడా ఈ లెక్కలోని వాళ్లే. అలాంటివారు ఆస్పత్రికి రాలేరని గ్రహించి, ఇహ్‌బాస్ ఆస్పత్రి మానసిక వైద్యులతో కలిసి జామా మసీదు దగ్గర వీధిలోనే క్లినిక్ నడిపింది ఈ సంస్థ.

2009 డిసెంబరులో, గడ్డకట్టే చలిలో, పూసా రోడ్డు కూడలి దగ్గరి తాత్కాలిక బసను తొలగించారు. దాన్ని నిరసిస్తూ ఎన్నో సంఘాలు గొంతు కలిపాయి. 2010 జనవరిలో హైకోర్టు, సుప్రీంకోర్టు రెండూ కదిలాయి. అప్పటికే నడుస్తున్న ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు పెద్ద నగరాలన్నిటికీ ఒక కొలమానం పెట్టింది: లక్ష జనాభాకు వంద మంది తలదాచుకునే ఒక షెల్టర్, ఏడాది పొడవునా, 24 గంటలూ తెరిచి ఉండాలి. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్‌లో ఈ షెల్టర్లకు చోటు దక్కింది. అలా ఢిల్లీ ఫుట్‌పాత్‌ల మీద మొదలైన పోరు ఫలితం హైదరాబాద్, విశాఖ, విజయవాడలకూ అందింది.

అయినా చేయాల్సింది చాలా ఉంది. 2011 జనాభా లెక్కల్లో దేశంలో ఇల్లులేనివారు 17.73 లక్షలు. అందులో సగానికి పైగా, 9.38 లక్షల మంది, పట్టణవాసులే. షెల్టర్ ఊరవతల కడితే ఖాళీగా పడి ఉంటుంది. మార్కెట్, స్టేషన్, పెద్దాసుపత్రి దగ్గర ఉంటేనే నిండుతుంది. అలాంటి చోట కట్టబోతే 'మా వీధిలో వద్దు' అని అడ్డుపడకపోవడం కాలనీ సంఘాలు చేయగల తొలి సాయం. మరుగుదొడ్డి శుభ్రంగా ఉందా, ఆడవాళ్లకు విడిగా చోటుందా అని నెలకోసారి వెళ్లి చూసి, లోపముంటే కార్పొరేషన్‌ను అడగడం రెండోది.

మూడోది గుర్తింపు. ఇంటి నంబరు లేనివారికీ ఓటు హక్కుంది. ఓటరు నమోదుకు ఫారం 6 ఇస్తే, బూత్ స్థాయి అధికారి రాత్రిపూట వచ్చి, ఆ మనిషి అక్కడే నిద్రిస్తున్నాడని నిర్ధారించుకుంటే చాలు, చిరునామా పత్రం అక్కర్లేదు. ఓటున్న మనిషి మాట వార్డు సభ్యుడి చెవికెక్కుతుంది.

చలికాలం దుప్పట్లు పంచే సంఘాలు మన ఊళ్లలో ఎన్నో ఉన్నాయి. ఈ ఏడు దుప్పట్లతో పాటు ఫారం 6 కాగితాలూ పట్టుకెళ్లండి. పక్కన కూర్చుని, పేరడిగి, నింపిపెట్టండి.