మైనస్ 33 డిగ్రీల కథ

ఇంజినీరింగ్ చదివిన వాళ్ళకి ఫైనైట్ ఎలిమెంట్ మెథడ్ అనగానే బీములూ, ట్రస్సులూ గుర్తొస్తాయి. అది పెరిగిందీ అక్కడే మరి. 1956లో టర్నర్, క్లఫ్, మార్టిన్, టాప్ విమానం రెక్కల లెక్కల కోసం ఈ దారి వేశారు. 1960లో క్లఫ్ దానికి పేరు పెట్టాడు. వస్తువుని చిన్న చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకీ సులువైన సమీకరణం రాసి, అన్నిటినీ కలిపి కంప్యూటర్‌కి అప్పజెప్పడం, స్థూలంగా ఇదీ పద్ధతి.

రెక్కల దగ్గర బ్రహ్మాండంగా పనిచేసింది. అదే ఊపులో ప్రవాహాల మీదికి తీసుకెళ్తే బోల్తా కొట్టింది.

ఎందుకంటారా? నిలవ నీళ్ళలో సిరా చుక్క వేస్తే అన్ని వైపులకీ మెల్లగా పాకుతుంది. ఇది డిఫ్యూజన్. పారే కాలవలో వేస్తే దిగువకి కొట్టుకుపోతుంది. ఇది కన్వెక్షన్. మామూలు గలెర్కిన్ పద్ధతి ఎగువనీ దిగువనీ సమానంగా చూస్తుంది. పాకడానికి అది సరే గానీ, పారే నీటిలో కబురు వచ్చేది ఎగువ నుంచే కదా!

ఒక గొట్టం తీసుకుందాం. నీరు వచ్చే చివర 0 డిగ్రీలు, పోయే చివర 100. దాన్ని 10 సమాన ముక్కలు చేశాం. పెక్లే సంఖ్య (వేగాన్ని ముక్క పొడవుతో హెచ్చవేసి, డిఫ్యూజన్ గుణకానికి రెట్టింపుతో భాగించాలి) 2 అనుకుందాం. 100కి ముందున్న బిందువు దగ్గర అసలు జవాబు 1.8 డిగ్రీలు. గలెర్కిన్ ఇచ్చేది మైనస్ 33! దానికి ముందు బిందువులో ప్లస్ 11. ఈ గొట్టం లెక్కలో పెక్లే సంఖ్య 1 దాటితే ఈ ఊగుడు తప్పదు. వీటినే విగిల్స్ అన్నారు.

విరుగుడు ఆలోచన పాతదే. 1952లో కూరంట్, ఐజాక్సన్, రీస్ ఎగువ వైపు విలువల మీదే ఆధారపడే పద్ధతి రాశారు. మన గొట్టానికి అది వాడితే ఊగుడు పోతుంది, గీత నున్నగా వస్తుంది. జవాబు మాత్రం 20! అసలుకి పదిరెట్లు పైనే. మైనస్ 33ని చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. 20ని ఎవరు అనుమానిస్తారు?

1976లో క్రిస్టీ, గ్రిఫిత్స్, మిచెల్, జీన్‌కీవిచ్ ఎగువకి ఎంత మొగ్గాలో లెక్కకట్టారు. గొట్టంలో సరిగ్గా 1.8 వచ్చింది. అయితే రెండు దిక్కుల్లో ప్రవాహం ఏటవాలుగా పోతుంటే, ఇలా కలిపిన డిఫ్యూజన్ అడ్డంగా కూడా పాకి జవాబుని పలచన చేసేది. 1979లో హ్యూస్, బ్రూక్స్ దాన్ని ప్రవాహం దారి వెంటే కలిపారు. 1982లో, అసలు జవాబు పెడితే సమీకరణం చెడకుండా ఉండేలా మొత్తం పద్ధతిని సరిదిద్దారు. అదే ఎస్‌యూపీజీ.

ఈలోగా 1981లో గ్రెషో, లీ అడ్డం తిరిగారు. విగిల్స్‌ని అణచొద్దు, అవి మీకేదో చెబుతున్నాయి అని వ్యాసానికి పేరే పెట్టేశారు. అక్కడ ముక్కలు చాల్లేదు, ఇంకా సన్నగా కొయ్యమని అవి చెబుతున్నాయన్నది వాళ్ళ వాదన.

ఎస్‌యూపీజీ గొప్పదే, కాదనను. కానీ నా ఓటు గ్రెషో, లీ లకే. ఎర్రర్ వస్తే మింగేసి, ఏమీ జరగనట్టు ముందుకెళ్ళే ప్రోగ్రాములు నేను రోజూ చూస్తుంటాను. అరిచే తప్పు దొరుకుతుంది. నున్నటి తప్పే వంతెనల దాకా, రియాక్టర్ల దాకా వెళ్తుంది. మీరేమంటారు?